అహష్వేరోషును అలాగే ఉండనిద్దాం

మొన్న క్రిస్మస్ సెలవులకి డల్లాస్ నుంచి వచ్చిన మా మేనల్లుడు భోజనాల దగ్గర ఒక మాటన్నాడు. "మామయ్యా, మన తెలుగు బైబిల్లో ఎస్తేరు భర్త పేరు తప్పు కదా. అసలు పేరు జెర్క్సీస్. ఇంగ్లీషు వాళ్ళు ఎప్పుడో సరిచేసుకున్నారు. మనవాళ్ళు ఇంకా ఆ అహష్వేరోషునే పట్టుకుని వేలాడుతున్నారు." ఎస్తేరు అంటే పారసీక రాజుకి రాణి అయిన యూదు పిల్ల, ఆమె కథే బైబిల్లో ఎస్తేరు గ్రంథం. వాడి ఫోన్లో ఉన్నది ఎన్‌ఐవీ అనే ఇంగ్లీషు అనువాదం. అందులో ఎస్తేరు గ్రంథం తెరిస్తే మొదటి వచనంలోనే జెర్క్సీస్ ఉంటాడు. హీబ్రూలో వేరే పేరు ఉందని అడుగున చిన్న అక్షరాల్లో ఒక నోటు ఉంటుంది. ఆ నోటు కూడా చూపించి మరీ చెప్పాడు.

పులుసు చల్లారిపోతోందని మా అక్క కసరడంతో మాట అక్కడికి ఆగింది. కానీ ఇది వాడొక్కడి మాట కాదు. వాడుక భాషలో కొత్త తెలుగు అనువాదాల గురించి కబుర్లు మొదలైతే చాలు, నోరు తిరగని ఆ పాత పేర్లు తీసేసి చరిత్ర పుస్తకాల్లో ఉన్న పేర్లు పెట్టొచ్చు కదా అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

నేను వద్దంటాను. పాత బైబిలు మీద మమకారంతో కాదు. గ్రాంథికం మీద మోజుతో అసలే కాదు. 'అసలు పేరు' అని మనం అనుకుంటున్న జెర్క్సీస్ ఆ రాజు అసలు పేరుకి దూరంగా ఉంది. నోరు తిరగదని విసుక్కునే అహష్వేరోషు దగ్గరగా ఉంది. దగ్గరగా ఉన్నదాన్ని తీసేసి దూరంగా ఉన్నదాన్ని పెట్టి, దానికి సవరణ అని పేరు పెట్టడం నాకు మింగుడు పడదు. పైగా ఆ మార్పు వల్ల పేరొక్కటే మారి ఊరుకోదు. ఆ సంగతి తర్వాత.

రాతి మీద ఉన్న పేరు

ఆ రాజు తన పేరు తానే చెక్కించుకున్నాడు కాబట్టి మనం ఊహించాల్సిన పని లేదు. ఇరాన్‌లో షిరాజ్‌కి దగ్గర్లో ఉన్న పర్సెపొలిస్ శిథిలాల్లో, పాత పర్షియన్ కీలాక్షరాల్లో, అంటే మేకుల్లాంటి గీతల లిపిలో, ఆ పేరు 'క్షయార్షా'. మొదటి అక్షరాన్ని మన 'క్ష' కన్నా కాస్త గరుకుగా, 'ఖ్ష' అన్నట్టు పలకాలి, అంతే తేడా. పేరు వెనకే 'క్షాయథియ వజ్రక' అని ఉంటుంది. గొప్ప రాజు అని అర్థం. ఆ క్షాయథియే వాడుకలో అరిగి అరిగి 'షా' అయింది. గోలకొండ ఏలిన కుతుబ్ షాల పేర్లలోని షా అదే.

ఆ రాత చదవడం ఎవరికీ రాని రోజుల్లో దాని తాళం తీసింది ఒక బడిపంతులు. జర్మనీలో గ్యోటింగెన్ ఊళ్ళో గ్రోటెఫెండ్ అనే ఆయన, 1802లో. నీబూర్ అనే యాత్రికుడు పర్సెపొలిస్‌లో నకలు తీసుకొచ్చిన రెండు చిన్న శాసనాలు ఆయన ముందున్నాయి. ఏ అక్షరం ఏదో తెలియదు. కానీ రాజశాసనాల ధోరణి తెలుసు: ఫలానావాడు, గొప్ప రాజు, రాజాధిరాజు, ఫలానా రాజు కొడుకు. ఒక శాసనంలో తండ్రిగా ఉన్న పేరే ఇంకో శాసనంలో రాజుగా ఉంది. ఆ రెండో శాసనంలో తండ్రి పేరు పక్కన మాత్రం 'రాజు' అనే గుర్తులు లేవు. అంటే తాత రాజు కాడు, తండ్రి రాజు, కొడుకు రాజు. పారసీక వంశంలో దీనికి సరిపోయేవాళ్ళు ఎవరు? హిస్టాస్పిస్ రాజు కాడు, అతని కొడుకు దర్యావేషు రాజు, మనవడు మన కథలోని రాజు. ఆ పేర్లు పెట్టి చూస్తే గుర్తులు ఒకదానితో ఒకటి కలిశాయి. కొడుకు పేరుని గ్రోటెఫెండ్ 'ఖ్షహార్షా' అని చదివాడు. ఒక అక్షరం తప్పితే సరిగ్గా అదే.

నమ్మనివాళ్ళు చాలామందే ఉండేవారు. రెండు దశాబ్దాల తర్వాత సాక్ష్యం పారిస్‌లోనే దొరికింది. అక్కడ ఒక చలవరాతి కూజా మీద ఈ పేరు కీలాక్షరాల్లోనూ ఉంది, ఈజిప్టు చిత్రలిపిలోనూ ఉంది. అప్పుడప్పుడే చిత్రలిపి చదవడం పట్టుబడిన షాంపోలియన్ ఈజిప్టు వైపు నుంచి చదువుకుంటూ వస్తే అదే పేరు వచ్చింది. రెండు వేర్వేరు లిపుల్లో, రెండు వేర్వేరు దారుల్లో, ఒకటే ధ్వని.

ఎలిఫాంటైన్ కాగితాల సంగతి నాకు ఇంకా ఇష్టం. నైలు నదిలో అస్వాన్ దగ్గర ఒక లంక అది. పారసీకుల కొలువులో పనిచేసిన యూదు సిపాయిలు అక్కడ కుటుంబాలతో కాపురముండేవారు. క్రీ.పూ. 471లో అక్కడ ఇరుగుపొరుగు ఇద్దరు గోడ విషయంలో ఒక ఒప్పంద పత్రం రాసుకున్నారు. మహసేయా ఇంటిని ఆనుకుని కోనియా గోడ కట్టుకుంటాడు, కట్టినా ఆ గోడ మహసేయాదే. మన పల్లెల్లో ఇప్పటికీ తగువులయ్యే సంగతే. ఆ పత్రానికి తేదీ వేస్తూ అరామిక్‌లో 'క్షయార్షా రాజు 15వ ఏట' అని రాశారు. ఎస్తేరు గ్రంథంలో మనం చూసే పెద్ద దర్బారు, నూట ఇరవై ఏడు సంస్థానాలు, ఆరునెలల విందు, ఇవేవీ ఆ లంకలో లేవు. గోడ ఒక్కటే ఉంది. కానీ రాజుగారి పేరు మాత్రం ఆయన బతికుండగానే యూదుల పత్రాల్లో, దాదాపు ఆయన పలికించుకున్నట్టే ఉంది.

ముందు ఆ 'అ' ఎందుకొచ్చింది

సరే, క్షయార్షాకి అహష్వేరోషు దగ్గర అంటున్నావు, ఎక్కడ దగ్గర అని అడగొచ్చు. చివరి 'ఉ' మన తెలుగు తగిలించింది, దాన్ని తీసేయండి. అహష్వేరోష్. ఇప్పుడు ముందున్న 'అ' కూడా తీసేయండి. హ్ష్వేరోష్. హీబ్రూలో ఆ 'హ' మన హకారం కాదు, గొంతులోంచి వచ్చే ఖకారం లాంటిది. ఖ్ష్వేరోష్. ఖ్ష, ర, ష. ఎముకలు అన్నీ అక్కడే ఉన్నాయి.

మరి 'అ' ఎందుకు? మాట మొదట్లో రెండు హల్లులు కలిసి వస్తే కొన్ని నాలుకలకి పడదు. మా నాయనమ్మ జీవితాంతం ఇస్కూలు, ఇస్టేషన్ అనే అంది. ముందు ఒక అచ్చు పెట్టుకుంటే గాని ఆ 'స్క', 'స్ట' పలకలేదు. హీబ్రూ నాలుకకి 'ఖ్ష' అలాంటిదే. ఇది ఈ ఒక్క పేరులో జరిగింది కాదు. పారసీకులు ప్రాంతాధికారిని 'క్షత్రపావన్' లాంటి మాటతో పిలిచేవారు. అది హీబ్రూలో 'అహష్‌దర్పాన్' అయింది, అదే అచ్చు, అదే చోట. అదే మాట గ్రీకుల దగ్గరికెళ్ళి 'సత్రాపిస్' అయింది, 'క్ష' ఎగిరిపోయింది. మన దగ్గరికొచ్చి క్షత్రప అయింది. గౌతమీపుత్ర శాతకర్ణి చేతిలో ఓడిపోయిన నహపానుడు క్షత్రపుడు అని బళ్ళో చదువుకున్నాం కదా, ఆ క్షత్రపే. మనకి 'క్ష' పుట్టుకతో వచ్చిన అక్షరం కాబట్టి ఉన్నదున్నట్టు ఉంచుకున్నాం. హీబ్రూవాళ్ళు ముందు ఒక మెట్టు కట్టుకుని ఎక్కారు. గ్రీకులు దాన్ని కోసేశారు.

ఇక్కడ నా వాదానికి ఇబ్బంది కలిగించే సంగతి ఒకటుంది. పర్షియన్‌లో 'య' ఉన్నచోట హీబ్రూలో 'వ' ఉంది. క్షయార్షా, ఖ్ష్వేరోష్. ఇది చిన్న తేడా ఏం కాదు. హీబ్రూ లిపిలో యోద్, వావ్ అనే ఈ రెండు అక్షరాలు చూడ్డానికి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, తోక పొడుగులోనే తేడా, కాబట్టి నకలు రాసేటప్పుడు మారి ఉండొచ్చు అనే మాట ఉంది. నాకు అది సబబుగానే తోస్తుంది. చూడండి, ఎస్తేరు 10:1లో ఇదే పేరు హీబ్రూ ప్రతిలో ఆ వావ్‌లు లేకుండా కురచగా రాసి ఉంటుంది. అంటే ఆ 'వ' మొదట్నుంచీ రాయిలా పాతుకుని ఉన్నదేం కాదు. ఏమైనా హీబ్రూ రూపం అచ్చుగుద్దినట్టు ఉందని నేననను. బబులోను మట్టిపలకల మీద కూడా ఈ పేరు రకరకాలుగా రాసి ఉంది. పరాయి రాజు పేరు రాసేటప్పుడు ఎవరి తిప్పలు వాళ్ళవి. కానీ గ్రీకు రూపంలో రెండు షకారాలూ లేవు, గ్రీకుకి ఆ ధ్వనే లేదు. 'క్సె' అని ఒకటి, మళ్ళీ 'క్సి' అని ఒకటి. పర్షియన్‌లో రెండో చోట అసలు 'క' అన్నదే లేదు. ఇక ఇంగ్లీషువాళ్ళు ఆ మొదటి 'క్సె'ని కూడా 'జె' చేశారు. మనం దిగుమతి చేసుకోమంటున్నది ఆ మూడో చేతి రూపాన్ని.

ఇంగ్లీషువాళ్ళకి ఒక సాకు ఉందని ఒప్పుకుంటాను. వాళ్ళ పాత బైబిల్లో ఉన్నది కూడా సరిగ్గా లేదు. లాటిన్ మీదుగా వచ్చిన ఆ రూపాన్ని వాళ్ళు 'అహాజుయీరస్' అన్నట్టు పలుకుతారు. షకారాలు రెండూ పోయాయి. అంటే వాళ్ళకి చేతిలో ఉన్నదీ వికారమే, తెచ్చిపెట్టుకున్నదీ వికారమే. కనీసం తెలిసిన వికారం మేలనుకున్నారు. తెలుగుకి ఆ అవస్థ లేదు. మన అనువాదకులు 'ష'ని 'ష'గానే దించారు, రెండు చోట్లా. మనకి లేని రోగానికి వాళ్ళ మందు మనమెందుకు తాగాలి?

ఇదొక్క పేరే కాదు కూడా. తెలుగు బైబిల్లో కోరెషు ఉన్నాడు, పర్షియన్‌లో అతను 'కూరుష్'. చరిత్ర పాఠంలో సైరస్. దర్యావేషు పర్షియన్‌లో 'దారయవౌష్'. పాఠంలో డేరియస్. ఈ ముగ్గురు రాజుల్ని ఆదివారం గుడిలో వినే ముసలమ్మ, చరిత్రలో ఎంఏ చేసినవాడికన్నా వాళ్ళ సొంత పలుకుబడికి దగ్గరగా పిలుస్తోంది. ఈ సంగతి ఎవరూ ఆమెకి చెప్పరు.

పేరుకి అర్థం

మా వీధి చివర ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉంటారు. ఈ విషయం ఆయన దగ్గర ఎత్తాను. 'క్షయార్షా' అనగానే ఆయన నవ్వి, "క్షయా? రోగం పేరు పెట్టుకున్నాడేంటండీ రాజు?" అన్నారు.

ఆ 'క్షయ' వేరు. పర్షియన్ పేరులో మొదటి సగం 'క్షయ', ఏలడం. రెండో సగం 'అర్షన్', మగవాడు, వీరుడు. వీరులను ఏలేవాడు అని కొందరు, ఏలికల్లో వీరుడు అని కొందరు విడదీస్తారు. నాకు మొదటిదే సహజంగా అనిపిస్తుంది. కారణం మాస్టారే ఇచ్చారు. అర్థం చెప్పగానే ఆయన ఒక్క క్షణం ఆగి, "నమకంలో ఉందండీ ఈ మాట" అన్నారు. పదో అనువాకం: 'ఇమాం రుద్రాయ తవసే కపర్దినే క్షయద్వీరాయ'. ఋగ్వేదం మొదటి మండలం నుంచి వచ్చిన మంత్రం అది. శివాలయంలో అభిషేకం జరిగేటప్పుడల్లా మన చెవిన పడేదే. క్షయద్వీరుడు, వీరులను ఏలేవాడు. ఇక్కడ కూడా 'క్షయ' అంటే నాశనం అని, శత్రువీరుల్ని నాశనం చేసేవాడని చెప్పేవాళ్ళున్నారు. కానీ వేదంలో 'క్షయతి' అంటే ఏలుతాడు అనే అర్థమూ ఉంది. క్షత్రం, క్షత్రియుడు ఆ కుదురులోవే. 'అర్షన్'కి మన వైపు చుట్టం ఋషభం.

మాస్టారు ఇంకో అడుగు వేశారు. "అయితే పేరు మనదే అన్నమాట!" ఇక్కడే నేను బ్రేకులు వేస్తాను. మనది కాదు. సంస్కృతం నుంచి పర్షియన్ పుట్టలేదు, పర్షియన్ నుంచి సంస్కృతమూ పుట్టలేదు. రెండూ ఒక తల్లి బిడ్డలు, ఆ తల్లి మనకి దొరకలేదు. ఇలాంటి పోలిక ఒకటి కనబడగానే 'ప్రపంచమంతా మనదే' అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళ చేతికి ఇది చిక్కకూడదని నా భయం. అహష్వేరోషు అంటే 'అక్షయ ఋషి' అని ఇప్పటికే ఒకాయన నాతో అన్నాడు. రాజుని కాస్తా ఋషిని చేసేశాడు!

అర్థాలు తవ్వడంలో యూదు పండితులూ తక్కువ తినలేదు. వాళ్ళ ధర్మచర్చల సంకలనం తాల్ముడ్‌లో ఈ పేరు మీద వరసగా చమత్కారాలున్నాయి. 'అహ్' అంటే సోదరుడు, 'రోష్' అంటే తల. కాబట్టి బబులోను నెబుకద్నెజరు అనే పెద్దతలకాయకి ఇతను తమ్ముడు అన్నారొకరు. ఇతని రోజుల్లో ఇశ్రాయేలీయుల ముఖాలు కుండ అడుగులా నల్లబడ్డాయి కాబట్టి ఆ పేరు అన్నారింకొకరు. ఇతన్ని తలుచుకున్న ప్రతివాడూ 'అయ్యో నా తల' అంటాడు అన్నారు మరొకరు. తలనొప్పి రాజు అన్నమాట. ఇంకొకాయన, 'రాష్' అంటే బీదవాడు, ఇతని పన్నులకి అందరూ బీదలైపోయారు అంటూ 10:1 చూపించారు. పైన నేను చెప్పిన ఆ కురచ రాత ఉన్న వచనమే అది. అక్షరాలు తగ్గినచోటే జనం బీదలయ్యారని అంటున్నారు, వాళ్ళ కళ్ళకి ఏదీ దాటిపోదు. ఇవి వ్యుత్పత్తులు కావని వాళ్ళకీ తెలుసు. హింసించిన రాజ్యం పేరుతో ఆడుకునే హక్కు అది. కానీ గమనించండి, ఆ ఆటంతా 'అహష్వేరోష్' అనే ధ్వని ఉంటేనే సాగుతుంది. జెర్క్సీస్ అని పెడితే ఆట కట్టు.

అసలు గ్రీకులైనా దీని అర్థం సరిగ్గా చెప్పారా అంటే అదీ లేదు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన ఆరో సంపుటంలో మూడు పేర్లకి అర్థాలిచ్చాడు: దర్యావేషు అంటే కార్యశూరుడు, క్సెర్క్సీస్ అంటే యోధుడు, అర్టాక్సెర్క్సీస్ అంటే మహాయోధుడు. గ్రీకులో ఆ రెండు పేర్లూ ప్రాసలో పడ్డాయి కాబట్టి రెండోది మొదటిదానికి పెద్దన్న అనుకున్నాడు. పర్షియన్‌లో ఆ రెండింటికీ పెద్ద పొత్తు లేదు. రెండోది 'అర్తక్షశ', మన మాటల్లో ఋత, క్షత్ర. ఋతంతో, అంటే సత్యంతో, ఏలేవాడు. హీబ్రూ ఈ రెంటినీ ఎప్పుడూ కలపలేదు. ఒకరు అహష్వేరోష్, ఒకరు అర్తహ్‌షస్త. మన బైబిల్లో అర్తహషస్త. తెలుగులో చదివే పిల్లవాడికి ఈ ఇద్దరూ అన్నదమ్ముల పేర్లలా వినబడరు, వినబడకూడదు కూడా.

ఒక ఆశ మాత్రం నన్ను గిల్లుతూ ఉంటుంది. పేరుకి మగవాళ్ళను ఏలేవాడు. కథ మొదటి అధ్యాయంలో రాణి వష్తి విందుకి రానంటే ఏం చెయ్యాలో తెలియక మంత్రుల్ని కూర్చోబెట్టి సలహా అడుగుతాడు. వాళ్ళ సలహా మీద, ప్రతి మగవాడూ తన ఇంట్లో తానే అధికారిగా ఉండాలని దేశదేశాలకి తాకీదులు పంపిస్తాడు. ఎవడేది కోరినా రాజముద్ర ఉంగరం తీసి చేతిలో పెట్టేస్తాడు. ఈ కథ రాసినవాడికి పేరు అర్థం తెలిసి, కొంటెగా ఈ దృశ్యం అల్లాడా? అతనికి పర్షియన్ దర్బారు మాటలు బాగానే తెలుసు, గ్రంథం నిండా ఉన్నాయి. విందు జరిగిన తోటలో వేలాడదీసిన తెరలకి వాడిన 'కర్పస్' అనే మాట మన కార్పాసమే, పత్తి. హిందూదేశం పేరు హీబ్రూ లేఖనాల్లో కనబడేది కూడా ఈ గ్రంథంలోనే. అలాంటివాడికి క్షయార్షా అర్థం తెలియదా అనిపిస్తుంది. కానీ మాటలు తెలియడం వేరు, మూడు నాలుగు తరాల కిందటి రాజు పేరుని విడదీసి చూడ్డం వేరు. యాకోబు, మోషే, సమూయేలు పేర్లకి కారణాలు చెప్పే ఈ లేఖనాలు ఒక్క పర్షియన్ పేరుకి కూడా ఎక్కడా అర్థం చెప్పలేదు. ఎస్తేరుకీ చెప్పలేదు, వష్తికీ చెప్పలేదు. నాకు ఆ కొంటెతనం ఉండాలని ఉంది. ఉందని ప్రసంగాల్లో చెప్పడానికి మాత్రం ఆధారం లేదు.

గుర్తుపట్టాలి కదా అంటే

మేనల్లుడి వాదంలో బలమైన భాగం ఇది. అహష్వేరోషు అంటే చదివేవాడికి ఏమీ తట్టదు, జెర్క్సీస్ అంటే గ్రీకులతో జరిగిన సలామిస్ యుద్ధం తడుతుంది, క్రీ.పూ. 486 నుంచి 465 దాకా ఏలిన మనిషి కళ్ళముందుకొస్తాడు. కథ గాలిలోంచి నేలమీదికి దిగుతుంది. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఎజ్రా నాలుగో అధ్యాయంలో వరస చూడండి: దర్యావేషు, అహష్వేరోషు, అర్తహషస్త. చరిత్రలోనూ అదే వరస. కాబట్టి పేరు ఆ రాజుదే అనడంలో నాకేమీ అనుమానం లేదు.

నా అభ్యంతరం, వాడికి తట్టేదంతా హెరొడోటస్‌ది. సముద్రం వంతెన తెంపిందని దానికి 300 కొరడా దెబ్బలు కొట్టించిన రాజు. అతని రాణి పేరు అమెస్ట్రిస్. ఎస్తేరు గ్రంథంలో అమెస్ట్రిస్ లేదు, హెరొడోటస్‌లో వష్తీ లేదు, ఎస్తేరూ లేదు. ఈ రెండు కథల్ని ఎలా కలపాలి, కలపొచ్చా, అన్నది చదివేవాడు తేల్చుకోవాల్సిన సంగతి. పేరు మార్చిన అనువాదకుడు ఆ తీర్పు తానే ఇచ్చేసి, తీర్పు అని చెప్పకుండా వచనంలో కలిపేస్తున్నాడు.

పైగా పాతకాలంలో గ్రీకు వచ్చిన యూదులే ఆ పని ఇలా చెయ్యలేదు. హీబ్రూ లేఖనాల్ని గ్రీకులోకి తెచ్చినవాళ్ళకి క్సెర్క్సీస్ పేరు తెలియకపోవడమేం లేదు. అయినా ఎస్తేరు గ్రంథంలో వాళ్ళు రాసింది అర్టాక్సెర్క్సీస్. చరిత్రకారుడు జోసెఫస్ కూడా అదే అన్నాడు. వాళ్ళు పొరబడ్డారనే నా నమ్మకం. కానీ పేరు మార్చి చరిత్రకి అతికించబోయిన మొదటివాళ్ళ గతి అది. హీబ్రూ పేరుని హీబ్రూ పేరుగానే ఉంచినవాళ్ళకి దిద్దుకోవాల్సిన అవసరం రాలేదు.

దానియేలు 9:1 దగ్గర ఈ మార్పు మరీ అడ్డం తిరుగుతుంది. అక్కడ 'అహష్వేరోషు కుమారుడైన దర్యావేషు' అని ఉంటుంది, మాదీయుల సంతతివాడని కూడా. ఎన్‌ఐవీ అక్కడా జెర్క్సీస్ అనే పెట్టింది. చరిత్ర తెలిసిన పిల్లవాడు చూస్తే తల తిరుగుతుంది: జెర్క్సీస్ తండ్రి పేరు కదా దర్యావేషు, ఇక్కడ తిరగబడిందేంటి? పైగా ఈ దర్యావేషు బబులోను పడిపోయిన నాటివాడు, జెర్క్సీస్ ఇంకా పుట్టని కాలం. ఈ అహష్వేరోషు ఎవరన్నది పెద్ద చిక్కుముడి. పేరు అలాగే ఉంటే చిక్కుముడి చిక్కుముడిగానే కనబడుతుంది, విప్పాలనుకున్నవాడు విప్పుకుంటాడు. జెర్క్సీస్ అని పెడితే ముడి మీద ఇంకో ముడి.

నోరు తిరగదన్న మాటకొస్తే, మా నాయనమ్మ 'ఆశ్వేరోసు' అనేది. ఎవరూ నవ్వలేదు, కథ ఆగలేదు. సండే స్కూల్లో పిల్లలు ఆ పేరుని పందెం వేసుకుని మరీ గబగబా అంటారు. మరి రెండోది తెలుగులో ఎలా రాస్తారో చెప్పండి. జెర్క్సీస్, జెర్క్సెస్, క్సెర్క్సీస్, జర్క్సస్, ఎన్ని చోట్ల చూస్తే అన్ని రకాలు. మాట మొదట 'క్సె' తెలుగు నోటికి ఏనాడైనా పట్టిందా?

ఇరాన్‌వాళ్ళ మాట వేరు. వాళ్ళ సంప్రదాయంలో ఈ రాజు పేరు శతాబ్దాల పాటు మరుగున పడిపోయింది, రాజుల కథలు చెప్పే వాళ్ళ కావ్యం షానామాలోని వరసలోనూ అతను కనబడడు. కీలాక్షరాలు చదవడం వచ్చాక తిరిగి దొరికింది. ఇప్పుడు ఖషాయార్ అని మగపిల్లలకి పెట్టుకుంటున్నారు. వాళ్ళు తమ భాష బైబిల్లో ఖషాయార్షా అని పెట్టుకుంటే అది సొంత పేరు తిరిగి తెచ్చుకోవడం, అందులో నాకు తగువు లేదు. ఆ పేరు సొంత గడ్డ మీద ఎవరికీ గుర్తులేని కాలమంతా దాన్ని ఏటా ఎస్తేరు కథని తలుచుకునే పూరీము పండగనాడు బిగ్గరగా చదువుతూ వచ్చింది యూదులు. ఆ చదువులోంచే మన తెలుగుకి వచ్చింది. మనం గ్రీసు చుట్టూ తిరిగి, లండన్ మీదుగా ఇంకోటి తెచ్చుకోవాల్సిన అగత్యం నాకు కనబడదు.

అయినా చదివేవాడికి సాయం కావాలి, అది నిజమే. ఎస్తేరు 1:1 అడుగున రెండు లైన్ల నోటు వెయ్యండి: పర్షియన్‌లో క్షయార్షా, గ్రీకులు క్సెర్క్సీస్ అన్నారు, క్రీ.పూ. 486 నుంచి 465 వరకు రాజు. ఎజ్రా 4:6 దగ్గర అదే నోటు మళ్ళీ వెయ్యొచ్చు. దానియేలు 9:1 దగ్గర మాత్రం వద్దు. అక్కడ ఆ నోటు అబద్ధమవుతుంది.